కుట్టేదేదో, కుట్టనిదేదో

ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకు పురుగుల మందు కొట్టి బతుకుతున్న మనిషి ఆయన. అందరూ మందు మేస్త్రి అనేవాళ్ళు. ఆ పేరు విని, కొత్తగా అద్దెకు దిగిన ఒకావిడ దగ్గుకు మాత్రలడగడానికి వచ్చిన సంగతి ఆయన భార్య ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. వీపున పది లీటర్ల డబ్బా, చేతిలో ఇత్తడి గొట్టం, మెడలో ముక్కుకు కట్టుకునే గుడ్డ. గొట్టం చివర మర తిప్పితే మందు మంచులా పడేది. బొద్దింకలైనా, చెదలైనా, నల్లులైనా, కిటికీ మీద గూడు పెట్టిన కందిరీగలైనా ఆయన పద్ధతి ఒకటే. వెళ్ళడం, కొట్టడం, రావడం.

"ఇవి తేనెటీగలా, కందిరీగలా మేస్త్రీ?" అని ఇంటివాళ్ళు అడిగితే, "చచ్చాక అన్నీ ఒకటేనమ్మా" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఎవరైనా పుస్తకంలో చదివింది చెప్పబోతే చెవి దగ్గర దోమను తోలినట్టు చెయ్యి ఊపేవాడు.

కుట్టడాలంటారా, ఏడాదికి పదీ పన్నెండూ మామూలే. కుట్టినచోట కాస్త ఉమ్మి రాసుకుని పనిలో పడేవాడు. "నన్ను కుట్టినదానికే ప్రమాదం. నా ఒంట్లో రక్తం కంటే మందెక్కువ" అని జోకులు కూడా వేసేవాడు.

ఆ ఏడు ఎండలు మొదలైన రోజుల్లో ఒక బస్సు డ్రైవరు ఇంటికి పిలుపొచ్చింది. మూడో అంతస్తు బాల్కనీలో, ఏసీ బయటి పెట్టె వెనకాల కందిరీగలు గూడు పెట్టాయి. మేస్త్రి వంగి గొట్టం లోపలికి దూర్చేలోపే ఒకటి బయటికొచ్చి మెడ మీద కుట్టింది. ఆయన పట్టించుకోలేదు. మందు కొట్టాడు, రాలినవాటిని చీపురుతో ఊడ్చాడు. చెయ్యి కడుక్కుంటుంటే అరచేతులు దురదపెట్టాయి. తర్వాత అరికాళ్ళు. తర్వాత చెవులు నిప్పుల్లా వేడెక్కాయి.

"ఏంటి మేస్త్రీ, మొహం అలా ఉబ్బిపోతోంది?" అన్నాడు డ్రైవరు.

ఏం లేదు, కాసిని మంచినీళ్ళివ్వండి అందామనుకున్నాడు మేస్త్రి. నాలుక కదల్లేదు. నోట్లో ఎవరో తడి గుడ్డ కుక్కినట్టుంది. ఊపిరి లోపలికి పోతోంది గానీ సగం దారిలోనే ఆగిపోతోంది. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

డ్రైవరు ఆలస్యం చెయ్యలేదు. భుజాన వేసుకుని మూడంతస్తులూ దింపి, పక్కింటివాళ్ళ కారు తీసుకుని, పావుగంట దారిని ఏడు నిమిషాల్లో దాటించాడు. మేస్త్రికి ఆ తర్వాత గుర్తున్నది తెల్లటి పైకప్పు, తొడ మీద సూది పోటు, గుండె దడదడ, మెల్లగా మళ్ళీ గాలి.

"ఇదివరకు ఎన్నిసార్లు కుట్టాయి?" అనడిగింది డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ. ఆయన కూతురంత వయసుంటుంది.

"నేనెప్పుడూ లెక్కపెట్టలేదమ్మా."

"మీరు పెట్టలేదు, మీ ఒళ్ళు పెట్టుకుంది. ఇకమీదట ఒక్కటి కుట్టినా ఇంతకంటే ఎక్కువ కావచ్చు. ఆసుపత్రికి వచ్చేంత టైము కూడా ఇవ్వకపోవచ్చు." పెన్నులాంటి ఒక సూదిని ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. కుట్టగానే తొడలో పొడుచుకోండి, వెంటనే ఆసుపత్రికి రండి. అసలు కుట్టించుకోకుండా ఉంటే అన్నిటికంటే మంచిది. ఏం పని చేస్తారు మీరు?"

మేస్త్రి చెప్పాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపుకే ఆయనకు ఎక్కువ భయమేసింది.

ఇంటికొచ్చి భార్యతో గ్యాస్ పట్టేసి కళ్ళు తిరిగాయన్నాడు. ఆవిడ జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చింది. బుద్ధిగా తాగాడు. సూది పెట్టెను పనిముట్ల సంచీలో, పాత రెంచీల కింద దాచాడు. ఇరవై రెండేళ్ళు పురుగుల్ని చంపిన మనిషిని వేలెడంత లేని ఈగ ఒకటి మంచాన పడేసిందని చెప్పుకోడానికి సిగ్గు. చెబితే పని మానేయమంటుందని భయం. ఈ రెంటిలో ఏది ఎక్కువో ఆయనకే తెలియదు.

మూడు వారాలు గడిచాయి. కందిరీగలని ఫోనొస్తే ఊళ్ళో లేనన్నాడు. ఒకసారి కూరగాయల బజారులో నిలబడి మరీ ఊళ్ళో లేనన్నాడు, వెనక అమ్మేవాళ్ళ కేకలు వినబడుతుండగా. వీధిలో ఎక్కడ ఝుమ్మన్న చప్పుడైనా భుజాలు దగ్గరికి లాక్కునేవాడు. పక్కింటి మిక్సీ తిరిగినా ఉలిక్కిపడేవాడు.

భార్య ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది. పెద్ద కిటికీల కొలతలకు టేపు కనబడక, ఆయన సంచీలో ఉందేమోనని వెతికింది. రెంచీల కింద పెట్టె దొరికింది. అందులో మడిచిన కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ ఇంకోసారి చదివింది. కేకలెయ్యలేదు. సాయంత్రం ఆయన భోజనానికి కూర్చుంటే, కంచం పక్కన ఊరగాయ జాడీ పెట్టే చోట ఆ పెట్టె పెట్టింది.

"ఇదేంటండీ, చీమల మందా?"

మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"గ్యాస్ పట్టేస్తే తొడలో పొడుచుకునే సూదులు కూడా వచ్చాయన్నమాట. మంచిదే. నేను అనవసరంగా జీలకర్ర తగలేశాను."

"అది కాదు..."

"ఏది కాదు? చచ్చిపోయి ఇంటికొస్తే అప్పుడు చెప్పేవాళ్ళా? 'ఇదిగో, నాకిలా అయింది' అని?" అంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా పంపు తిప్పి గిన్నెలు కడిగింది. మేస్త్రి వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. జరిగినదంతా చెప్పాడు. అరచేతుల దురద, డ్రైవరు భుజం, డాక్టరమ్మ చూపు, ఏదీ దాచలేదు.

"చెబితే మానేయమంటావనుకున్నాను."

"అంటాను. ఎందుకనను?"

"ఎండాకాలంలో వచ్చే పిలుపుల్లో సగం అవే. ఇన్నేళ్ళుగా నన్నే నమ్ముకున్నవాళ్ళు..."

ఆవిడ పంపు కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది. "అయితే నేనెక్కుతాను."

మేస్త్రి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"పన్నెండడుగుల కిటికీలకు కడ్డీలు బిగిస్తాను. నిచ్చెన నాకు కొత్తా? మీరు దూరంగా నిలబడి ఏం చెయ్యాలో చెప్పండి. నేను చేస్తాను. మీరు మాత్రం దగ్గరికి రావడానికి వీల్లేదు. సూది జేబులో ఉండాలి, సంచీలో కాదు. ఒప్పుకుంటే చెప్పండి, లేదంటే డబ్బా రేపే పాత సామాన్లవాడికి వేసేస్తా."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ రాత్రి మేస్త్రి పరిస్థితి అదే. బయట పెద్ద మేస్త్రి, ఇంట్లో మాత్రం మారు మాట్లాడలేదు. తల ఊపాడు.

ఆవిడ తెల్ల నెట్ గుడ్డతో మెడ దాకా వచ్చే ముసుగు కుట్టుకుంది. ఆయన పాత పొడుగు చేతుల చొక్కాకు మణికట్ల దగ్గర ఎలాస్టిక్ పెట్టింది. ఆటల పిచ్చి ఉన్న బావమరిది దగ్గర బైనాక్యులర్స్ ఉంటే మేస్త్రి అడిగి తెచ్చుకున్నాడు. "ఏ మ్యాచ్ చూడ్డానికి బావా?" అన్నాడు బావమరిది. "మీ అక్క ఆడుతోంది" అన్నాడు మేస్త్రి.

మొదటి పిలుపు ఒక రిటైరైన సైన్సు టీచరు ఇంటినుంచి. పిలిచింది టీచరమ్మ కాదు, ఆవిడ కోడలు. పెరట్లో చెక్క పందిరి ఉంది, దాని దూలాలకు గుండ్రటి కన్నాలు పడుతున్నాయి, నల్లటి పెద్ద తుమ్మెదలు మొహం మీదికి వచ్చి బెదిరిస్తున్నాయని ఫోనులో చెప్పింది. మేస్త్రి గేటు బయటే ఆగిపోయాడు. భార్య ముసుగు వేసుకుని డబ్బా ఎత్తుకుంది.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న టీచరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, ఆడమనిషిని యుద్ధానికి పంపి నువ్వు దుర్భిణీ పట్టుకుని నిలబడ్డావా?"

మేస్త్రి సిగ్గుపడుతూనే కారణం చెప్పాడు. టీచరమ్మ నవ్వడం మానేసింది. "అయితే నీకు తీరిక దొరికిందన్నమాట. ఆ అద్దాల్లోంచి చూడు. నీ మొహం మీదికి వస్తానంటున్న ఆ నల్లటాయన్ని చూడు. ఏం చేస్తున్నాడు?"

మేస్త్రి చూశాడు. తుమ్మెద గాల్లో ఒకేచోట నిలబడి ఉంది. ఇంకో తుమ్మెద వస్తే తరిమింది. రాలుతున్న ఆకునూ తరిమింది. భార్య మొహం ముందుకొచ్చి కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది.

"అది మగది. దానికి ముల్లే లేదు. ఉత్త అరుపులే, కరుపుల్లేవు" అంది టీచరమ్మ. "ఆడదానికి ఉంది గానీ, చేత్తో పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు. దాని గొడవంతా ఆ చెక్కలో గది తొలుచుకోవడం, పిల్లల్ని పెట్టుకోవడం. మా కోడలు భయపడుతుంది కాబట్టి పిలిచింది. భయపడ్డం తప్పు కాదు. ఇన్నాళ్ళూ నువ్వు చూడకుండా కొట్టావే, అది తప్పు."

మామూలుగా అయితే మేస్త్రి చెయ్యి ఊపేసేవాడు. ఆ రోజు మాత్రం, దగ్గరికి పోయే దారి లేదు కాబట్టి, గంటసేపు గేటు దగ్గరే నిలబడి చూశాడు. ఆడ తుమ్మెద కన్నంలోంచి వెనక్కి నడుస్తూ వచ్చి చెక్కపొడి కిందికి తోసి, మళ్ళీ లోపలికి పోయింది. ఇల్లు ఊడ్చుకుంటున్నట్టుంది. అలా ఎన్నిసార్లో. ఇరవై రెండేళ్ళలో ఎన్నో దూలాలు మందుతో తడిపాడు గానీ, ఆ పొడి ఎలా వస్తుందో ఆయనెప్పుడూ చూడలేదు.

చివరికి మందు కొట్టలేదు. పిల్లలు ఎగిరిపోయాక కన్నాలు మూసి, చెక్కకు రంగెయ్యమని టీచరమ్మే చెప్పింది. రంగేసిన చెక్క జోలికి అవి అంతగా రావట. కోడలికి మటుకు అనుమానం తీరలేదు. "మరి నా మొహం మీదికి వస్తే?" "రానివ్వమ్మా. నేను మీ మామగారితో నలభై ఏళ్ళు కాపురం చేశాను. అరిచేవాడితో ప్రమాదం లేదు" అంది టీచరమ్మ.

వెళ్ళబోతుంటే మేస్త్రి ఆగి, ఇంకా ఏమైనా చెప్పమన్నాడు. ఒక మనిషిని చెప్పమని అడగడం ఆయనకది మొదటిసారేమో. తేనెటీగ ఒళ్ళు నూగు నూగుగా, మట్టిరంగులో ఉంటుందని, పూల పొడి కాళ్ళకు మూటలు కట్టుకుని ఇంటికి పోతుందని ఆవిడ చెప్పింది. కందిరీగ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది, నడుము దారంలా సన్నగా ఉంటుంది, ఎగిరేటప్పుడు కాళ్ళు కిందికి వేలాడతాయి. తేనెటీగ ముల్లు మన ఒంట్లో వదిలేసి చచ్చిపోతుంది. కందిరీగ అదే ముల్లుతో ఎన్నిసార్లయినా కుడుతుంది. "ఇవన్నీ నేర్చుకుని నువ్వేం పరీక్ష రాయనక్కర్లేదు. ముందు అదెక్కడికి పోతోందో చూడు, చాలు."

ఆ ఎండాకాలం మొగుడూ పెళ్ళాం కలిసి తిరిగారు. ఆవిడ నిచ్చెన మీద, ఆయన రోడ్డుకు అవతల. ఇద్దరి చెవుల్లోనూ ఫోన్లు. ఒక స్నానాల గది కిటికీకి పిడికెడు మట్టి గూడు ఉంటే, అది కట్టింది ఒంటరి కందిరీగ అని, అది బయటికి పోయినప్పుడు గరిటెతో గీకేస్తే సరిపోతుందని చెప్పాడు. ఇంకో ఇంట్లో సన్‌షేడ్ కింద చిన్న గొడుగు తిరగేసినట్టు కాగితం గూడు. ఇంకా నాలుగైదు గదులే, ఒక్కటే ఈగ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పొడుగు కర్రతో రాలగొట్టేసింది ఆవిడ. అలాంటి గూడే ముదిరి, రోజూ పిల్లలు వెళ్ళే గుమ్మం మీద ఉంటే మందు కొట్టక తప్పలేదు. కొట్టారు. పెరటి చివర చెట్టుకు, ఎవరికీ అడ్డం లేనిచోట ఉన్నదాన్ని వదిలెయ్యమన్నారు. కాబేజీ మొక్కల మీద పురుగుల్ని ఏరుకు తినేవి అవేనని మేస్త్రి ఇంటివాళ్ళకు చెబుతుంటే, ఈయనేనా ఆయన అని భార్య ముసుగులోంచి వింతగా చూసేది.

నేర్చుకున్న కొత్తలో మనిషికి ఒక మత్తు ఉంటుంది. మేస్త్రికీ పట్టుకుంది. ఒకప్పుడు చూడకుండా కొట్టినవాడు, ఇప్పుడు ఒక్క చూపుకే చెప్పేస్తున్నాడు. "అదిగో, నడుము చూడు. కందిరీగ." "అదిగో, కాలికి మూట. తేనెటీగ." ఎవరైనా మెచ్చుకుంటే బైనాక్యులర్స్ తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పెంకుల కప్పున్న ఇంటికి వెళ్ళారు. ఇంటాయన ఎక్కడికో పోవాలి, తొందరపడుతున్నాడు. గోడకు ఊదారంగు పూల తీగ పాకి ఉంది. దాని పైన, పెంకుల కిందున్న సందులోకి ఏవో వెళ్తూ వస్తూ ఉన్నాయి. మేస్త్రి అవతలి ఫుట్‌పాత్ మీదనుంచి చూశాడు. అద్దంలో నూగు ఒళ్ళు, కాళ్ళకు పసుపు మూటలు స్పష్టంగా కనబడ్డాయి.

"తేనెటీగలే" అన్నాడు ఫోనులో. "మందు వద్దు. పెంచేవాళ్ళను పిలిపిస్తే పట్టుకెళ్తారు. గూడు ఎంత లోపలుందో చూసి చెప్పు చాలు."

"ముసుగు వేసుకోనా?"

"చూడ్డానికే కదా. మెల్లగా వెళ్తే ఏమీ అనవు."

ఆవిడ మెడకు కట్టుకున్న స్కార్ఫుతోనే నిచ్చెనెక్కింది. సందు దగ్గర చెవి పెట్టి విందామని ముందుకు వంగింది. నిచ్చెన కొస పెంకుకు తగిలి టప్పుమంది.

అప్పుడు కనబడింది మేస్త్రికి. సందులోంచి బయటికొచ్చినవాటికి నూగు లేదు. నున్నటి ఒళ్ళు, సన్నటి నడుము, వేలాడే కాళ్ళు. పూల మీద తిరిగేవి తేనెటీగలే. పెంకుల కింద ఉన్నవి కందిరీగలు. తీగకూ కప్పుకూ మధ్య జానెడు దూరం. ఆయన పూల మీదవాటిని చూసి సందులోవాటికి పేరు పెట్టేశాడు.

"దిగు! దిగిపో!" అని అరిచాడు. ఫోనులో అరిచాడో, రోడ్డు మీద అరిచాడో తెలియదు.

ఆవిడ మెట్లు లెక్క చూసుకోకుండా దిగింది. చేతులు విదల్చలేదు, స్కార్ఫు మొహం మీదికి లాక్కుంది. తల చుట్టూ అవి ముసురుకున్నాయి. మేస్త్రి కాళ్ళు ఆయన్ని అడగకుండానే పరిగెత్తాయి. రోడ్డు సగం దాటేశాడు.

"ఆగండి అక్కడే!" అని కేకేసింది ఆవిడ.

జీవితంలో ఆవిడ అంత గట్టిగా అరవగా ఆయన విన్నది లేదు. రోడ్డు మధ్యలో మేకు కొట్టినట్టు ఆగిపోయాడు. ఆవిడ ఆయన వైపు రాలేదు. నీడ కోసం, సాయం కోసం, మొగుడి కోసం ఎవరైనా ఎటు వస్తారో దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు తిరిగి, వడివడిగా నడుస్తూ పోయింది. తనతోపాటు వాటినీ తీసుకుపోయింది. మెడ మీద ఒకటి వాలడం, భుజం ఒక్కసారి ఎగరడం, మళ్ళీ నడవడం ఆయన కళ్ళారా చూశాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఆవిడ వెనక్కి తిరగలేదు. వీధి చివర ఇస్త్రీ షాపులోకి దూరి అద్దాల తలుపు మూసేసుకుంది.

మేస్త్రి చుట్టూ తిరిగి, ఇంకో సందులోంచి ఆ షాపు దగ్గరికి చేరాడు. తలుపు తొయ్యబోతే లోపలినుంచి ఆవిడ గడియ పెట్టింది.

"బట్టల్లో ఇంకా ఉన్నాయి. మీరు రాకండి."

"తలుపు తియ్యి, నీకు..."

"నాకేం కాలేదు. మండుతోంది, అంతే. మీరు రావద్దన్నానా?"

అద్దానికి ఇవతల ఆయన, అవతల ఆవిడ. ఇస్త్రీ చేసే ఆవిడ ఆమె చొక్కా దులిపింది. రెండు కిందపడ్డాయి. వేడి ఇస్త్రీ పెట్టెను వాటి మీద పెట్టి, దుప్పటి మడత నొక్కినట్టు గట్టిగా నొక్కింది. కుట్టినచోట్లు వేలితో లెక్కపెట్టి, "తొమ్మిది" అని మేస్త్రికి అద్దంలోంచి చేతివేళ్ళు చూపించింది. మేస్త్రి అరచెయ్యి అద్దం మీద ఆన్చి అలాగే ఉండిపోయాడు. ఊపిరాడక గోడకు జారిన రోజున కూడా ఆయనకు ఇంత భయం వెయ్యలేదు.

డాక్టరమ్మ రెండు గంటలు కూర్చోబెట్టి చూసింది. ఆవిడ ఒళ్ళు గట్టిది, వాపు తప్ప ఇంకేం రాలేదు. ఇంటికొచ్చేసరికి కుడి కన్ను మూసుకుపోయి, పెదవి ఒక పక్కకు లాగింది. మేస్త్రి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఒక్కోచోటా పెడుతున్నాడు. కాసేపటికి ఆవిడ చేతి మీద వేడిగా ఒక చుక్క పడింది.

"ఐసు కరిగిందా?" అంది ఒంటికన్నుతో చూస్తూ.

"నేను చూశాను అనుకున్నాను" అన్నాడు మేస్త్రి. "ఇన్నాళ్ళూ చూడకుండా ఎన్నిటినో చంపాను. ఇవాళ చూసి మరీ నిన్ను చంపబోయాను."

"చూశారు. పూల మీద చూశారు, సందులో చూడలేదు. పది నిమిషాల్లో తేల్చేశారు. టీచరమ్మ ఇంట్లో గంట నిలబడ్డారు కదా, ఇక్కడేం తొందర? ఆయనకు బయటికెళ్ళే పనుంటే వెళ్ళమనాల్సింది."

"అవును."

"ముసుగు వేసుకోనా అంటే వద్దన్నారు."

"అవును."

"మీరు అవును అవును అంటుంటే తిట్టడానికి కూడా బాగాలేదు" అని ఆవిడ నవ్వబోయింది. పెదవి నొప్పెట్టి ఆగిపోయింది. "ఎటు పోవాలో నాకు ఒక్క క్షణం తెలియలేదండీ" అంది మెల్లగా. "మీ వైపే అడుగు వేశాను. అప్పుడు గుర్తొచ్చింది."

మేస్త్రి ఇంకో ఐసు ముక్క చుట్టి ఆవిడ చెవి వెనక పెట్టాడు.

మర్నాడే డబ్బా అమ్మేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తన కన్ను తెరుచుకున్నాక మాట్లాడదామంది. మూడు రోజులకు తెరుచుకుంది, మాట్లాడారు. ముదిరిన గూళ్ళు, కప్పుల కిందవి, గోడల్లోపలివి ఇక తమకొద్దని తేల్చుకున్నారు. అలాంటివి వస్తే తల నుంచి కాలిదాకా సరైన తొడుగులున్న మనుషులకు అప్పజెప్పేస్తారు. పెంకుల ఇంటికి అలాగే ఇద్దరొచ్చి పని పూర్తి చేశారు. తేనెటీగలైతే పెంచేవాళ్ళకు కబురు. బొద్దింకలూ చెదలూ ఎప్పట్లాగే మేస్త్రివి. మిగిలిన ఈగల పిలుపులకు ఇద్దరూ కలిసి వెళ్తారు గానీ, ఆవిడ సరే అనేదాకా ఎవరూ నిచ్చెన తాకరు. తొందరపడే ఇంటివాళ్ళకు ఆవిడే జవాబు చెబుతుంది: "మీకు పనుంటే వెళ్ళి రండి. ఆయన ఇంకా చూస్తున్నారు."

ఆ తర్వాత ఆయన చూసే తీరు మారింది. ముందు వచ్చే ఈగను వదిలేసి, దాని వెనక వచ్చేదాన్ని, పోయేదాన్ని, పోయి ఎక్కడ మాయమవుతుందో ఆ చోటునీ చూసేవాడు. తెలియకపోతే తెలియలేదనేవాడు. ఆ మాట మొదట్లో గొంతులో ముల్లులా అడ్డం పడేది, తర్వాత అలవాటైంది. ఫోటో తీసి టీచరమ్మకు పంపేవాడు. ఒకోసారి ఆవిడ కూడా తెలియలేదనేది. అప్పుడాయనకు భలే సంతోషంగా ఉండేది.

వీధిలో పిలుపులు కూడా మారాయి. "మేస్త్రీ, మందు కొట్టాలి" అనేవాళ్ళు తగ్గి, "ఒకసారి వచ్చి అదేంటో చూస్తారా?" అనేవాళ్ళు పెరిగారు. సగం ఇళ్ళలో చూసి, ఏమీ చెయ్యనక్కర్లేదని చెప్పి, ఇచ్చిన టీ తాగి వచ్చేవాళ్ళు. భార్యను అందరూ మేస్త్రమ్మ అనడం మొదలుపెట్టారు. కర్టెన్లకని వచ్చినవాళ్ళు కందిరీగల గురించి, కందిరీగలకని వచ్చినవాళ్ళు కర్టెన్ల గురించి అడిగి పోయేవాళ్ళు.

మరుసటేడు వానలు పడబోయే ముందు, వాళ్ళ ఇంటికెదురుగా ఉన్న పోస్టు డబ్బా మీద తేనెటీగల గుంపు వాలింది. మామిడికాయ బుట్టంత ముద్దగా, ఒకదానికొకటి పట్టుకుని వేలాడుతోంది. వీధంతా గగ్గోలు. ఎవరో కిరోసిన్ అన్నారు, ఎవరో పొగ అన్నారు. మేస్త్రమ్మ వెళ్ళి డబ్బాకు ఇరవై అడుగుల దూరంలో కర్టెన్ తాడు కట్టి, కొత్త ఇంటి కోసం దారి చూసుకుంటున్నాయి, రెండు రోజులు ఓర్చుకోండి, ఉత్తరాలేమైనా ఉంటే నాకివ్వండి అని అందరికీ చెప్పింది. మేస్త్రి ఇంట్లోనే, మూసిన కిటికీ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సూది జేబులో ఉంది. అద్దాల్లోంచి చూస్తుంటే ఆ ముద్ద మీద కొన్ని ఈగలు ఊగుతూ, తిరుగుతూ చిందులేస్తున్నాయి, మిగతావి వాటి చుట్టూ చేరి గమనిస్తున్నాయి.

"రండి, భోంచేద్దురుగాని" అని పిలిచింది ఆవిడ లోపలినుంచి.

"ఒక్క నిమిషం. ఏదో చెప్పుకుంటున్నాయి."

ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. ఆయన బైనాక్యులర్స్ ఆవిడకిచ్చాడు. ఆవిడ చాలాసేపు తిరిగివ్వలేదు.